రాష్ట్రపతి పాఠం: అన్నం పళ్ళెం దగ్గర మొదలుపెట్టి ఎలా చెప్పాలి

ఒకసారి త్రైమాసిక పరీక్ష పేపర్లు దిద్దుతుంటే ఎనిమిదో తరగతి అమ్మాయి రాసిన జవాబు కంటబడింది: “రాష్ట్రపతి అనగా రాష్ట్రమునకు అధిపతి. దేశమునకు అధిపతి ప్రధానమంత్రి.” సున్నా వేసి పక్కన పెట్టాను. ఆ రాత్రి పడుకోబోయే ముందు గాని తట్టలేదు, ఆ పిల్ల చేసినది తెలుగు ప్రకారం సరైన పనేనని. మన భాషలో రాష్ట్రం అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు. అలాంటప్పుడు రాష్ట్రపతి అంటే రాష్ట్రానికి పతి కాక ఇంకెవరు? మాట విడదీసి అర్థం చేసుకోమని తెలుగు మాస్టారు నేర్పారు, ఆ పిల్ల అలాగే చేసింది. విడదీయకూడని మాట ఇదని సాంఘిక శాస్త్రం చెప్పే నేను ముందుగా హెచ్చరించలేదు.

అప్పటి నుంచి ఈ పాఠం చెప్పే తీరు మార్చుకున్నాను. ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఆరు పీరియడ్లలో సరిపోతుంది. ఇంట్లో పిల్లలకు చెప్పే తల్లిదండ్రులకు ఆరు సాయంత్రాలు చాలు. కావలసిన సరంజామా తక్కువే: రాజ్యాంగం తెలుగు ప్రతి ఒకటి, తెల్ల కాగితాలు, ఊదారంగు పెన్ను ఒకటి. పెన్ను ఎందుకో తర్వాత చెబుతాను.

మొదటి పీరియడు: మాటల చిక్కు విప్పండి

నల్లబల్ల మీద మూడు గళ్ళు గీసి శాసన, కార్యనిర్వాహక, న్యాయ శాఖలని రాసేయాలని చెయ్యి లాగుతుంది. ఆగండి. ఆ మాటల్లో శాసనం, శాఖ అన్న రెండూ పిల్లలకు వేరే అర్థంతో ముందే తెలుసు. చరిత్ర పాఠంలో శాసనం అంటే రాతి మీద చెక్కినది. రాజు చెక్కించిన ఆజ్ఞ గనక అది శాసనమైంది, ఇప్పుడు సభ చేసిన ఆజ్ఞ గనక ఇదీ శాసనమే అని చెప్పండి. ఒక్క వాక్యంలో పాత పాఠం కొత్త పాఠానికి అతుక్కుంటుంది. ఇక శాఖ అనగానే పిల్లలకు విద్యాశాఖ, అటవీ శాఖ గుర్తుకొస్తాయి. అవన్నీ కలిసి ఒక్క కార్యనిర్వాహక వ్యవస్థలోనే ఉంటాయి కాబట్టి ఈ మూడింటిని వ్యవస్థలు అనడమే మేలు.

తర్వాత రాష్ట్రపతి. సంస్కృతంలోనూ హిందీలోనూ రాష్ట్రం అంటే దేశం. మనం ఆ మాటను రాష్ట్రాలకు వాడుకున్నాం, పదవి పేరు మాత్రం హిందీ నుంచి ఉన్నదున్నట్టు తెచ్చుకున్నాం. పైగా రాష్ట్ర ప్రభుత్వాన్ని పక్కనపెట్టి కేంద్రమే పాలించేటప్పుడు ‘ఫలానా రాష్ట్రంలో రాష్ట్రపతి పాలన’ అని పత్రికల్లో వస్తే గందరగోళం రెట్టింపవుతుంది. అధ్యక్షుడు అన్న మాట ఇంకో తలనొప్పి: మండల పరిషత్ అధ్యక్షుడు, పార్టీ అధ్యక్షుడు, అమెరికా అధ్యక్షుడు అందరూ ఒకే మాటలో ఉన్నారు. బల్ల మీద ఈ పేర్లన్నీ రాసి, ఎవరిని ఎవరు ఎన్నుకుంటారో పిల్లల చేతే పక్కన రాయించండి. గవర్నరు పేరు కూడా చేర్చండి. రాష్ట్రంలో రాష్ట్రపతి స్థానంలో ఉన్నట్టు కనిపించే మనిషి ఆయనే, కాని ఆయనను ఎవరూ ఎన్నుకోరు, రాష్ట్రపతి నియమిస్తారు. ఈ పీరియడులో ఇంతకు మించి చెప్పకండి.

రెండో పీరియడు: పళ్ళెంలోకి చూడండి

మధ్యాహ్న భోజనం అయిన వెంటనే వచ్చే పీరియడైతే ఇంకా బాగుంటుంది. అడగండి: ఇవాళ మీరు తిన్న అన్నం ఎవరు పెట్టారు? వంట చేసే అమ్మ, హెడ్మాస్టరు గారు, ముఖ్యమంత్రి అని వస్తాయి. ‘సుప్రీంకోర్టు’ అని ఎవరూ అనరు. కథ అక్కడ ఎత్తుకోండి.

1995 ఆగస్టు 15న కేంద్రం ఈ పథకం మొదలుపెట్టినప్పుడు చాలా రాష్ట్రాల్లో వండి పెట్టలేదు. నెలకు మూడు కిలోల లెక్కన గింజలు ఇచ్చి ఇంటికి పంపేవారు. ఆ గింజలు పిల్లవాడి కడుపులోకే వెళ్ళాయో, ఇంట్లో అందరికీ పంచుకుపోయాయో చూసే నాథుడు లేడు. 2001లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం ఆహార హక్కు మీద సుప్రీంకోర్టుకు వెళ్ళింది. గోదాముల్లో ధాన్యం మూలుగుతుంటే జనం ఆకలితో ఉండడమేమిటన్నది వారి ప్రశ్న. అదే ఏడాది నవంబరు 28న కోర్టు ఆదేశించింది: ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలన్నిటిలో వండిన భోజనమే పెట్టాలి, రోజుకు కనీసం 300 కెలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు ఉండాలి, ఏడాదిలో కనీసం 200 రోజులు పెట్టాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో పొయ్యిలు వెలిగాయి.

ఇక్కడ ఆగి అడగండి: కోర్టు వంట చేయించగలదా? దానికి గిన్నెలున్నాయా, బియ్యమున్నాయా? లేవు. బియ్యం పంపినది, వంటవారిని పెట్టినది, గుడ్డు ఇవ్వాలని నిర్ణయించినది ప్రభుత్వాలు. అదే కార్యనిర్వాహక వ్యవస్థ. మరి కోర్టు ఆదేశం ఎప్పటికీ ఆదేశంగానే ఉండిపోవాలా? 2013లో పార్లమెంటు జాతీయ ఆహార భద్రతా చట్టం చేసి, ఎనిమిదో తరగతి వరకు బడి భోజనాన్ని చట్టబద్ధమైన హక్కుగా మార్చింది. శాసన వ్యవస్థ అప్పుడు పళ్ళెంలోకి వచ్చింది. తొమ్మిది, పది తరగతుల వారికి కూడా పెడుతున్నారంటే అది రాష్ట్రాలు తమంతట తాము చేస్తున్న ఖర్చు. ఆ తరగతుల పిల్లలు ఉంటే ఈ మాట తప్పక చెప్పండి, చాలా ఆసక్తిగా వింటారు.

రాష్ట్రపతి ఎక్కడున్నారు మరి? రెండు చోట్ల. పార్లమెంటు సమావేశాలు లేని సమయంలో, 2013 జులై 5న, మంత్రిమండలి సలహా మీద ప్రణబ్ ముఖర్జీ ఆహార భద్రతా ఆర్డినెన్సు (సభలు లేనప్పుడు చట్టంలా పనిచేసే ఆదేశం) మీద సంతకం చేశారు. ఆగస్టు 26న లోక్‌సభ, సెప్టెంబరు 2న రాజ్యసభ బిల్లును ఆమోదించాక, సెప్టెంబరు 10న మళ్ళీ సంతకం చేశారు. ఒక్క పళ్ళెం అన్నంలో మూడు వ్యవస్థలు, రెండు సంతకాలు. ఈ తేదీలను బల్ల మీద ఒక గీత గీసి వరుసగా రాయండి. ప్రతి తేదీ కింద ‘ఎవరు?’ అని మాత్రం పిల్లలు రాయాలి.

మూడో పీరియడు: ‘చేయలేరు’ అన్న గడి

ఈ పాఠం మొత్తంలో మీరు ఒక్క పీరియడే తీసుకోగలిగితే ఇది తీసుకోండి. గైడ్లన్నీ అధికారాల జాబితాలతో నిండి ఉంటాయి: శాసనాధికారాలు, కార్యనిర్వాహక అధికారాలు, న్యాయాధికారాలు, అత్యవసర అధికారాలు. ఆ జాబితా బట్టీ పట్టిన పిల్లవాడు రాష్ట్రపతిని చక్రవర్తి అనుకుంటాడు. పెద్దవాళ్ళ మాటలు విన్న పిల్లవాడు రబ్బరు స్టాంపు అంటాడు. రెండూ తప్పే. ఎవరెవరు ఏమేమి చేయలేరో రాయిస్తే అసలు బొమ్మ బయటపడుతుంది.

నోటుపుస్తకం అడ్డంగా తిప్పి నాలుగు నిలువు వరుసలు గీయించండి. ప్రభుత్వం పార్లమెంటు అనుమతి లేకుండా ఖజానా నుంచి రూపాయి తీయలేదు, చట్టం లేకుండా పన్ను వేయలేదు. పార్లమెంటు చట్టం చేయగలదు గాని ఫలానా మనిషి దొంగతనం చేశాడో లేదో తేల్చి శిక్ష వేయలేదు. కోర్టుకు సొంత ఖజానా లేదు, సొంత పోలీసులు లేరు.

రాష్ట్రపతి వరుస పొడవుగా ఉంటుంది. ద్రవ్య బిల్లును, అంటే పన్నులు, ప్రభుత్వ ఖర్చుల బిల్లును, వెనక్కి పంపలేరు. రాజ్యాంగ సవరణ బిల్లునూ పంపలేరు, 1971లో వచ్చిన 24వ సవరణ ఆ దారి మూసింది. మామూలు బిల్లును ఒకసారి తిప్పి పంపగలరు, సభలు రెండోసారి ఆమోదిస్తే సంతకం నిరాకరించలేరు. మంత్రిమండలి సలహాను కాదనలేరు. 1976 నాటి 42వ సవరణ ఈ మాటను రాజ్యాంగంలోనే రాసింది. 1978 నాటి 44వ సవరణ కొంచెం సడలించి, ఒక్కసారి పునరాలోచించమని అడిగే వీలు ఇచ్చింది. ఉరిశిక్ష పడినవారికి క్షమాభిక్ష పెట్టేదీ రాష్ట్రపతే, కాని అదీ మంత్రిమండలి సలహా ప్రకారమే.

ఇంత రాశాక ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: “సార్, మరి ఆయన ఎందుకు?” ఆ ప్రశ్న వచ్చిందంటే పీరియడు పండినట్టే. వెంటనే జవాబు చెప్పేయకండి, మరో రెండు రోజులు నాననివ్వండి.

ఇదే పీరియడు చివర ఐదు నిమిషాలు మన పద్ధతిలోని ఒక విచిత్రానికి కేటాయించండి. మూడు వ్యవస్థలూ వేరు వేరు గళ్ళలా ఉంటాయని పుస్తకం బొమ్మ వేస్తుంది. మన దగ్గర మొదటి రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న వలయాలు. మంత్రులు పార్లమెంటు సభ్యులై ఉండాలి, కాకపోతే ఆరు నెలల్లో కావాలి. పి.వి. నరసింహారావు 1991 జూన్‌లో ప్రధాని అయ్యేనాటికి ఏ సభలోనూ సభ్యులు కారు. నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభలో అడుగుపెట్టారు. గడువు మరో నెల మాత్రమే మిగిలింది.

నాలుగో పీరియడు: బిల్లు ఆట

తరగతిని నాలుగు గుంపులు చేయండి: లోక్‌సభ, రాజ్యసభ, సుప్రీంకోర్టు, వార్తాహరులు. లోక్‌సభ గుంపులో నుంచే ఐదుగురిని మంత్రిమండలిగా లేపండి, వలయాలు ఒకదాని మీద ఒకటి ఎక్కడం కళ్ళారా కనబడుతుంది. రాష్ట్రపతిని విడిగా ఒక కుర్చీలో కూర్చోబెట్టండి. బాగా మాట్లాడే పిల్లకు కాకుండా, ఎప్పుడూ చివరి బల్లలో కూర్చునే పిల్లకు ఈ పాత్ర ఇవ్వడం నా అలవాటు. ఈ పాత్రకు మాటలు తక్కువ, ఆలోచన ఎక్కువ.

బిల్లు బడికి దగ్గరగా ఉండాలి. “బడి ఆవరణలోకి ప్లాస్టిక్ సంచి తెచ్చినవారు ఒక రోజు ఆటల పీరియడు కోల్పోతారు” అన్నది మా తరగతిలో బాగా నడిచింది. సభల్లో చర్చ, సవరణలు, చేతులెత్తడం, తర్వాత కాగితం రాష్ట్రపతి దగ్గరకు వస్తుంది. ఆమె ముందు మూడు దారులు: సంతకం, కారణం రాసి తిప్పి పంపడం, ఏమీ చేయకుండా పక్కన పెట్టడం. మూడో దారి విని పిల్లలు నవ్వుతారు. బిల్లు మీద ఇన్ని రోజుల్లో సంతకం చేయాలని రాజ్యాంగం గడువు రాయలేదని చెబితే నవ్వు ఆగిపోతుంది.

సంతకమయ్యాక ఆట అయిపోయిందని అనుకోనివ్వకండి. ఒక పిల్లవాడి చేత కోర్టులో పిటిషన్ వేయించండి: “మా అమ్మ అన్నం ప్లాస్టిక్ సంచిలోనే కట్టి ఇస్తుంది, నా తప్పేమిటి?” కోర్టు గుంపు రాజ్యాంగం ప్రతి తిరగేసి సమానత్వం గురించిన 14వ అధికరణం వెతకాలి. అసలు ఉదాహరణ చెప్పాలంటే న్యాయమూర్తుల నియామకానికి కమిషన్ ఏర్పాటు చేసిన 99వ సవరణ ఉంది. రెండు సభలూ ఆమోదించాయి, సగానికి పైగా రాష్ట్రాలు ఒప్పుకున్నాయి, రాష్ట్రపతి సంతకం చేశారు. 2015 అక్టోబరులో సుప్రీంకోర్టు చెల్లదంది. అది మంచిదా చెడ్డదా అన్న వాదన పిల్లలకే వదిలేయండి, మీ అభిప్రాయం బయటపెట్టకండి.

ఐదో పీరియడు: “మరి ఆయన ఎందుకు?”

నానబెట్టిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు. నిర్వచనం చెప్పకండి, నాలుగు సందర్భాలు చెప్పండి.

1986లో తపాలా చట్ట సవరణ బిల్లు వచ్చింది. జనం ఉత్తరాలు తెరిచి చూసే అధికారం ప్రభుత్వానికి ఇచ్చేది అది. జ్ఞానీ జైల్ సింగ్ సంతకం చేయలేదు, తిప్పి పంపలేదు, అలా ఉంచేశారు. బిల్లు చట్టం కానేలేదు. 1997 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టమని కేంద్ర మంత్రిమండలి సిఫారసు చేస్తే కె.ఆర్. నారాయణన్ పునరాలోచించమని తిప్పి పంపారు. మంత్రిమండలి మళ్ళీ అడగలేదు. 2006లో లాభదాయక పదవుల బిల్లును (ఏయే ప్రభుత్వ పదవుల్లో ఉన్నా ఎంపీ సభ్యత్వం పోదో చెప్పేది) అబ్దుల్ కలాం తిప్పి పంపారు. పార్లమెంటు మళ్ళీ ఆమోదించి పంపింది, ఆగస్టులో ఆయన సంతకం చేశారు. పిల్లలు కలాం ఓడిపోయారంటారు. ఓడిపోయారా? ఒక బిల్లు మీద దేశమంతా మరోసారి మాట్లాడుకునేలా చేశారు. ఈ మాట మీద తరగతి రెండుగా చీలితే చీలనివ్వండి.

నాలుగోది చేదు సందర్భం, దాటవేయకండి. 1975 జూన్ 25 రాత్రి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ అత్యవసర పరిస్థితి ప్రకటన మీద సంతకం చేశారు. మంత్రిమండలి సమావేశమైంది మర్నాడు ఉదయం. ముందు సంతకం, తర్వాత సలహా! అందుకే 44వ సవరణలో, మంత్రిమండలి నిర్ణయం రాతపూర్వకంగా అందితే తప్ప రాష్ట్రపతి అలాంటి ప్రకటన చేయకూడదని చేర్చారు. రాజ్యాంగంలోని ఒక్కో వాక్యం వెనుక ఒక్కో రాత్రి ఉంటుందని పిల్లలకు తెలిసే చోటు ఇది.

ఇంకో సంగతి మన జిల్లాల పిల్లలకు దగ్గరిది. సలహా ఇచ్చే మంత్రిమండలే సరిగా నిలబడనప్పుడు రాష్ట్రపతి సొంత తెలివే ఆధారం. 1979 జులైలో ప్రధాని మొరార్జీ దేశాయ్ రాజీనామా చేశాక, ప్రభుత్వం ఏర్పాటుకు చరణ్ సింగ్‌ను పిలవాలని నిర్ణయించినది, ఆయన లోక్‌సభ విశ్వాసం కోరకుండానే తప్పుకున్నాక ఆగస్టులో సభను రద్దు చేసినది నీలం సంజీవరెడ్డి. అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన మనిషి. ఆ నిర్ణయం మీద విమర్శలు ఇప్పటికీ ఉన్నాయి. విమర్శ వచ్చిందంటే నిజంగా అధికారం వాడినట్టే.

టీవీ చూసే పిల్లలు అమెరికా సంగతి ఇక్కడ ఎత్తుతారు. క్లుప్తంగా ముగించండి: అక్కడి అధ్యక్షుడు మన రాష్ట్రపతి, ప్రధానుల పనులు రెండూ ఒక్కడే చేస్తాడు, అతని మంత్రులు కాంగ్రెసులో సభ్యులుగా ఉండకూడదు, అతను కాదన్న బిల్లు నిలవాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. అక్కడి బళ్ళలో చదువుతున్న మన పిల్లలకు చెప్పేటప్పుడు ఈ వరుస తిరగేయండి, అమెరికా దగ్గర మొదలుపెట్టి మన దగ్గరకు రండి.

ఆరో పీరియడు: ఓటు విలువ, ఊదారంగు పెన్ను

లెక్కల మాస్టారిని పిలవండి. రాష్ట్రపతిని జనం నేరుగా ఎన్నుకోరు. ఎన్నికైన ఎంపీలు, ఎమ్మెల్యేలు ఓటేస్తారు, నామినేటెడ్ సభ్యులకు ఓటు లేదు. ఎమ్మెల్యే ఓటు విలువ కట్టడానికి 1971 జనాభాను రాష్ట్రంలోని ఎమ్మెల్యేల సంఖ్యతో, మళ్ళీ వెయ్యితో భాగించాలి. ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు 159, తెలంగాణ ఎమ్మెల్యే ఓటు 132, ఉత్తరప్రదేశ్‌లో 208, సిక్కింలో 7. 175ను 159తో, 119ని 132తో గుణించమంటే పిల్లలే 27,825, 15,708 అని తేలుస్తారు. 1971 ఎందుకంటే, జనాభా అదుపు చేసుకున్న రాష్ట్రాలు నష్టపోకూడదని. ఎంపీ ఓటు విలువ 2022 ఎన్నికలో 700. ఆ ఎన్నికలో ద్రౌపదీ ముర్ము 6,76,803 విలువ గల ఓట్లతో గెలిచారు.

ఇక ప్రాధాన్య ఓటు. మాటల్లో చెబితే బుర్రకెక్కదు, చేయించాలి. పిల్లలను అభ్యర్థులుగా నిలబెట్టకండి, ఓడినవాడు వారం రోజులు ముఖం మాడ్చుకుని తిరుగుతాడు. మామిడి, జామ, సీతాఫలం, సపోటా నిలబడనివ్వండి. ఒక్కొక్కరూ చీటీ మీద 1, 2, 3, 4 అంకెలు వేయాలి, అదీ మీరిచ్చిన ఊదారంగు పెన్నుతోనే. అసలు ఎన్నికలోనూ ఎన్నికల సంఘం ఇచ్చే ఊదారంగు సిరా పెన్నుతోనే గుర్తు పెడతారు. ఎంపీల బ్యాలెట్టు ఆకుపచ్చ, ఎమ్మెల్యేలది గులాబీ.

నలభై ఓట్లలో మామిడికి 17, జామకు 14, సీతాఫలానికి 6, సపోటాకు 3 వచ్చాయనుకోండి. గెలవాలంటే సగం కంటే ఒకటి ఎక్కువ, అంటే 21. ఎవరికీ రాలేదు. సపోటాను తీసేసి ఆ చీటీల్లో రెండో అంకె చూస్తే రెండు జామకు, ఒకటి మామిడికి. సీతాఫలం పోయాక ఐదు జామకు, ఒకటి మామిడికి. మామిడి 19, జామ 21. పళ్ళ రాజు ఓడిపోయాడు! తరగతి గోలెత్తిపోతుంది, పక్క గది టీచరుకు ముందే చెప్పి ఉంచండి.

గోల సద్దుమణిగాక 1969 చెప్పండి. జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే మరణించడంతో వచ్చిన ఎన్నిక అది. పోటీలో ముందున్న ఇద్దరూ తెలుగువాళ్ళే: బరంపురంలో పుట్టిన వి.వి. గిరి, మన సంజీవరెడ్డి. మొదటి లెక్కలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548. కావలసినది 4,18,169. రెండో ప్రాధాన్యాలు కలుపుకుంటూ పోతే గిరి 4,20,077 దగ్గర, రెడ్డి 4,05,427 దగ్గర ఆగారు. ఎనిమిదేళ్ళ తర్వాత, 1977లో, సంజీవరెడ్డి పోటీయే లేకుండా ఎన్నికయ్యారు. 1969లో గిరి పోటీ చేయడానికి తాత్కాలిక రాష్ట్రపతి పదవి వదులుకుంటే, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా నెల రోజులకు పైగా ఆ కుర్చీలో కూర్చున్నారు. వ్యవస్థలు వేరు వేరని మూడో పీరియడులో మీరు చెప్పిన మాటను పట్టుకుని పిల్లలు నిలదీస్తారు. నిలదీయనివ్వండి.

హైదరాబాదుకు వెళ్ళి రాగల దూరంలో ఉంటే బొల్లారంలోని రాష్ట్రపతి నిలయం చూపించండి. శీతకాలపు విడిది అది, 2023 ఉగాది నాటి నుంచి ఏడాది పొడవునా సందర్శకులకు తెరిచే ఉంటోంది. సోమవారాలు సెలవు, వెళ్ళే ముందు వేళలు కనుక్కోండి. తోటలో తిరగడం పిల్లలకు సంబరమే గాని, పాఠం చెప్పకముందు తీసుకెళితే అది విహారయాత్రగానే మిగులుతుంది.

పరీక్ష పెట్టే తీరు

“రాష్ట్రపతి అధికారములను వివరింపుము” అని అడిగితే గైడులో జవాబే తిరిగొస్తుంది. సందర్భం ఇవ్వండి. రెండోసారి వచ్చిన బిల్లు రాష్ట్రపతికి నచ్చలేదు, ఇప్పుడేమవుతుంది? ఒక మంత్రి ఏ సభలోనూ సభ్యుడు కాదు, ఆయన ఎన్నాళ్ళు మంత్రిగా ఉండగలడు? మీ బడి భోజనం రేపు ఆగిపోతే ముందుగా ఎవరిని అడగాలి, వారు వినకపోతే ఎవరిని, ఎందుకు? ఎన్నికల్లో ఎవరికీ మెజారిటీ రాలేదు, మీరే రాష్ట్రపతి, ఎవరిని పిలుస్తారు?

మొదటి రెండింటికీ ఒక్కటే జవాబు, తప్పు రాస్తే మార్కులు లేవు. మూడోదానికి హెడ్మాస్టరు నుంచి మొదలుపెట్టి ఎంత దూరం వెళ్ళగలిగారో చూసి మార్కులివ్వండి, ప్రతి మెట్టుకూ ఒకటి. చివరి ప్రశ్నకు అతి పెద్ద పార్టీని పిలుస్తానని ఒకరు రాస్తారు, కూటమిని పిలుస్తానని ఇంకొకరు రాస్తారు. పక్కన కారణం ఉంటే ఇద్దరికీ పూర్తి మార్కులు వేయండి. కారణం లేకుండా పేరు మాత్రమే రాసినవారి పేపరు వెనక్కి ఇచ్చి, ఒక్కసారి పునరాలోచించమనండి.